గొడుగు డబ్బు

కిందటి వారం మనం బేకరీ తలుపు దగ్గర ఆగిపోయాం. ఓవెన్ చల్లబడిపోయింది. లోపల సగం కాలిన రొట్టెలు, బయట ఎవరి కోసమూ ఆగకుండా పొంగుతున్న పిండి, మధ్యలో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ మనవాడు. పక్కన భార్య ముఖం పాలిపోతే, ఓవెన్ గురించి బెంగ పెట్టుకుందనుకున్నాడు పాపం. పిండి వేలితో ఆమె ముక్కు మీద ఓ చుక్క పెట్టి, "ఎందుకే అంత కంగారు? గొడుగు ఉందిగా!" అన్నాడు.

గొడుగు లేదని తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతే ముక్కు మీద మైదాతో అతని ఎదురుగా నిలబడి ఉంది.

కొత్తగా చదువుతున్నవాళ్లకు ఈ గొడుగు సంగతి చెప్పాలి. వీళ్లకు పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. అతన్ని వీధి మొత్తం 'బన్ను' అంటుంది. బుగ్గల వల్ల వచ్చిన పేరో, మెత్తటి మనసు వల్ల వచ్చిన పేరో వాళ్లమ్మకు కూడా గుర్తులేదు. కామర్స్ చదివిన పిల్ల కాపురానికి వచ్చేసరికి బేకరీ గల్లా పెట్టెకూ ఇంటి ఖర్చుకూ మధ్య గోడంటూ ఏమీ లేదు. వచ్చింది వచ్చినట్టు పోయేది. నెలాఖరున తల్లీ, కొడుకూ, కోడలూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకునేవారు.

ఒక రోజు తెల్లవారుజామున అత్తగారు పిండి పిసుకుతుంటే కోడలు పక్కన పీట వేసుకుని కూర్చుంది. రొట్టెలకు ముద్దలు చేసే ముందే అత్తగారు ఒక గుప్పెడు పిండి తుంచి, గాజు సీసాలో వేసి మూత పెట్టింది.

"అదెందుకు అత్తయ్యా?"

"ఇది తల్లిపిండి. రేపటి పిండి పొంగాలంటే ఇది కలపాలి."

"రొట్టెలన్నీ అయ్యాక మిగిలింది తియ్యచ్చుగా?"

"మిగులుతుందా? ఆ చివరి ముద్ద చూడగానే ఇంకో రొట్టె వేసేద్దామనిపిస్తుంది. అందుకే ముందే తీసేస్తా."

కోడలు పీట మీంచి లేచి చప్పట్లు కొట్టింది. "ఏవండీ, విన్నారా! పొదుపంటే ఇదే! ఖర్చయ్యాక మిగిలింది దాచడం కాదు, దాచాక మిగిలింది ఖర్చు పెట్టడం!" అని అరిచిన అరుపుకి బన్ను చేతిలో ట్రే జారింది. ఆ రోజు నుంచే అతను ఆమెను 'ప్రొఫెసరమ్మ' అని పిలవడం మొదలుపెట్టాడు.

ప్రొఫెసరమ్మ పాఠాలు భలే ఉండేవి. మంచం మీద బాసింపట్టు వేసుకుని, జడ చివరతో దుప్పటి మీద గీతలు గీస్తూ చెప్పేది. ముందు గొడుగు. అంటే నాలుగైదు నెలల ఇంటి ఖర్చూ, దుకాణం ఖర్చూ బ్యాంకులో విడిగా ఉండాలి. వడ్డీ తక్కువైనా సరే, అడిగిన రోజే చేతికి రావాలి. జబ్బు చేసినా, ఓవెన్ మొరాయించినా తీసేది అందులోంచే. అది నిండాక మొక్క. నెలనెలా కొంచెం, ఒక్క కంపెనీలో కాదు, పది కంపెనీల్లో విడదీసి పెట్టే ఫండులో. ఏళ్ల తరబడి దాని జోలికి వెళ్లకూడదు, పడినా లేచినా బెంబేలెత్తకూడదు. ఇవి రెండూ పోగా ఉన్నదాంట్లో ఇల్లు గడవాలి, అందులోనే శనివారం ఇద్దరికీ ఒక ఐస్‌క్రీం కప్పు కూడా రావాలి. రెండు కప్పులు కొనగలిగినా ఒకటే కొనేవాళ్లు. ఎందుకో కొత్తగా పెళ్లయినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అత్తగారికి ఇదంతా ఎంత నచ్చిందంటే, కంటి ఆపరేషన్ కోసం విడిగా దాచుకున్న డబ్బు తెచ్చి కోడలి చేతిలో పోసింది. "నా కళ్లకింకా తొందర లేదులే. అందాకా దీన్నీ మీ గొడుగు కింద ఉండనీ" అంది.

ఆ గొడుగునే ప్రొఫెసరమ్మ తీసుకెళ్లి ఎండలో పెట్టింది.

ఎవరో మోసం చేశారని చెబితే ఆమెకు బాగుండేది. ఎవరూ చేయలేదు. మొక్క చూసుకుందామని ఫోన్ తెరిచినప్పుడల్లా పక్కనే ఒక బ్యాటరీల కంపెనీ పేరు, దాని పక్కన పైకి చూస్తున్న ఆకుపచ్చ బాణం. మర్నాడూ అదే బాణం. కుండీలో కొత్త చిగురు వచ్చిందా అని చూసుకున్నట్టు పళ్లు తోముకోకముందే చూసుకునేది. బ్యాంకులో గొడుగు డబ్బు ఊరికే నిద్రపోతోంది కదా అనిపించింది. పెళ్లిరోజుకి పిండి కలిపే మిషన్ కొని, బన్ను కళ్లు మూసి తీసుకెళ్లి దాని ముందు నిలబెట్టాలని కలగంది. మొదట సగం. బాణం ఇంకా పైకే చూస్తుంటే మిగతా సగం. తర్వాత ఒక వారం బాణం ఎర్రబడి కిందికి తిరిగింది. మళ్లీ ఆకుపచ్చగా మారలేదు.

ఇక ఓవెన్ చల్లబడ్డ ఈ శనివారం పొద్దుటికి వద్దాం.

మెకానిక్ ఓవెన్ వెనక నుంచి తల బయటికి పెట్టాడు. జుట్టు నిండా బూజు. "కాయిల్ అయితే చిటికెలో మార్చేవాణ్ని సార్. పోయింది బోర్డు. గుండెకాయన్నమాట. సగం డబ్బు కడితేనే కంపెనీవాళ్లు పంపిస్తారు. మధ్యాహ్నంలోగా కడితే రేపు బిగించేస్తా."

"కట్టకపోతే?"

"వచ్చే వారం మాట."

వచ్చే వారం అంటే పనైపోయినట్టే. బేకరీ సంపాదనలో సగం ఆస్పత్రి క్యాంటీన్ రొట్టెల మీదే. సోమవారం పొద్దున రోగుల పళ్లేల్లో రొట్టె పడకపోతే ఇంకో బేకరీ చూసుకుంటానని క్యాంటీన్ మేనేజరు ఫోన్లో మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదకే బన్నుకి చెమట పట్టింది. అయినా దర్జాగా భార్య వైపు తిరిగి, "ప్రొఫెసరమ్మా, గొడుగు తెరువు!" అన్నాడు.

మెకానిక్‌కి అర్థం కాక పైకి చూశాడు. "వాన లేదుగా సార్?"

"మీకు తెలీదులెండి. మా ఇంట్లో గొడుగులు బ్యాంకులో ఉంటాయి."

ఆమె ముక్కు మీది మైదా తుడుచుకుంది. "ఒక్క నిమిషం లోపలికి వస్తారా?" అంది. పదిమందిలో 'మీరు', ఇద్దరే ఉన్నప్పుడు 'నువ్వు'. అది వాళ్ల సరదా. మైదా బస్తాల గదిలోకి వెళ్లి తలుపు వేశాక కూడా ఆమె నోట 'నువ్వు' రాలేదు.

"డబ్బు బ్యాంకులో లేదండీ."

"మరెక్కడుంది, బస్తాలోనా?" అంటూ ఓ బస్తా తట్టాడు. మైదా పొగలా లేచింది. ఆమె నవ్వలేదు.

"షేర్లలో ఉంది."

"అది మొక్క. నేనడిగేది గొడుగు."

"గొడుగు కూడా అక్కడే పెట్టాను. మొత్తం. ఒకే కంపెనీలో."

బన్ను పకపకా నవ్వాడు. "బాగుంది! ఒకే చోట పెట్టకూడదని నాకు పదిసార్లు అప్పజెప్పించుకున్నావు, తప్పు చెప్తే ఐస్‌క్రీం కట్ అన్నావు. నువ్వు పెట్టావా? సరే సరే, ఫోన్ ఇటివ్వు, అతనికి కట్టేసి…" అంటూ చెయ్యి చాపాడు. ఆమె కళ్లలో నీళ్లు చూశాక ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఎంత పోయింది?"

"మూడో వంతు."

"మిగతాది ఇప్పుడే తియ్యి."

"ఇవాళ శనివారం. మార్కెట్ సెలవు. సోమవారం అమ్మాలి. అమ్మినా బ్యాంకులో పడడానికి ఇంకో రోజో రెండ్రోజులో పడుతుంది." ఆమె గొంతు ఉన్నకొద్దీ సన్నబడింది. "అడిగిన రోజే చేతికి రావాలని చెప్పింది నేనే. తెలుసు."

అతను బస్తా మీద కూలబడ్డాడు. చేతులకు అంటిన పిండిని గోటితో గీకుతూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండునని ఆమె ఎదురుచూసింది. తిట్టలేదు.

"ఎప్పుడు పెట్టావు?"

"చలి మొదలైనప్పుడు."

"అప్పటినుంచీ రోజూ నా పక్కనే పడుకున్నావు. ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"పెరుగుతున్నప్పుడు చెబితే సర్‌ప్రైజ్ పోతుందనుకున్నాను. తగ్గుతున్నప్పుడు, మళ్లీ పెరిగాక చెబుదాంలే అనుకున్నాను."

"ఏం సర్‌ప్రైజ్?"

"పిండి కలిపే మిషన్. నీ చేతులు నొప్పెడుతున్నాయి కదా." ఏడుపులో 'నువ్వు' తిరిగొచ్చేసింది.

"నొప్పని నేనెప్పుడన్నాను?"

"నిద్రలో అంటావు. మణికట్టు పట్టుకుని మూలుగుతావు. నేను మందు రాస్తుంటే మళ్లీ పడుకుంటావు."

బన్ను తన మణికట్టు వంక కొత్త వస్తువును చూసినట్టు చూసుకున్నాడు. ఒక్క క్షణం అతని బుగ్గలు మెత్తబడ్డాయి. ఆమెకు అదే భరించరానిదైంది. కోపగించుకుంటే సమాధానం చెప్పుకోవచ్చు. ఇలా జాలిగా చూసేవాడికి తెలియకుండా తను ఇన్నాళ్లూ ఫోన్ తలగడ కింద దాచింది! 'మా ఆవిడ ఉండగా నాకేం' అని పాలవాడి దగ్గరా, పోస్టుమాను దగ్గరా అతను కోతలు కోస్తుంటే, పక్కన నిలబడి సిగ్గుపడుతున్నట్టు నటించింది!

"అమ్మకి చెప్పకు" అన్నాడు లేస్తూ.

"అత్తయ్య డబ్బూ పోయింది అందులో."

"అందుకే చెప్పకు. వచ్చే నెలలో ఆపరేషన్ చేయించుకుంటానని నిన్ననే అంది. సూదిలో దారం ఎక్కించలేకపోతోందట. నేను చూసుకుంటాలే. మెకానిక్ బావమరిది వడ్డీకి ఇస్తాట్ట, ఇందాక మాటల్లో చెప్పాడు. బయట వ్యాన్‌లోనే ఉన్నాడు."

"వడ్డీకా? ఎంతకి?"

"నెలకి అయిదో ఆరో అన్నాడు. ముందే తీర్చినా ఏడాది వడ్డీ కట్టాలట."

"వందకి ఆరా? నెలనెలా? ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేశావా? మన మొక్క ఎంత ఏపుగా పెరిగినా అందులో పావు వంతు కూడా రాదు. అదొక్కటీ వద్దు, నా మాట…"

"లెక్కలు నువ్వు వేశావుగా" అన్నాడు బన్ను. "చూశాంగా."

పెళ్లయ్యాక అతని నోట వచ్చిన మొదటి కటువు మాట అది. అన్నాక తనే కంగారుపడి ఏదో అనబోయాడు. అంతలోనే తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

బస్తాల మధ్య ఆమె ఒక్కతే మిగిలింది. అతనన్నదాంట్లో అబద్ధం ఒక్క అక్షరం లేదు, అందుకే అంత మంట. వడ్డీ లెక్క మాత్రం బుర్రలో తనంతట తనే తిరుగుతోంది. నెలకి చూస్తే చిన్న అంకె, అమాయకంగా ఉంటుంది. పన్నెండు నెలలు గడిచేసరికి తెచ్చినదాంట్లో దాదాపు ముప్పావు వంతు వడ్డీకే పోతుంది, అసలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పోయిన మూడో వంతు ఈ అప్పు ముందు బలాదూర్. భర్త మాట నిలబెట్టాలంటే నోరు మూసుకోవాలి. ఇల్లు నిలబెట్టాలంటే తెరవాలి. ఇన్నాళ్లూ నోరు మూసుకునే కదా ఇంతదాకా తెచ్చుకుంది!

కొంగుతో ముఖం తుడుచుకుని బేకరీ మీదున్న ఇంటికి మెట్లెక్కింది.

పైన అత్తగారు ఒక్కతే లేదు. పక్క దుకాణం టైలరమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డ సంచి, దాన్ని రెండు చేతులతో పట్టుకున్న తీరు చూస్తే లోపల ఏముందో చెప్పక్కర్లేదు.

"నూరేళ్లాయుష్షు! ఇప్పుడే నీ గురించే చెబుతున్నా" అంది అత్తగారు, మసక కళ్లతోనే కోడలి అడుగుల చప్పుడు గుర్తుపట్టి. "ఇదిగో, ఈవిడ ఇన్నేళ్లూ డబ్బు పరుపు కింద పెట్టుకుందిట. పరుపు ఎత్తయిందే తప్ప డబ్బు పెరగలేదని ఏడుపు."

"ఎగతాళి చెయ్యకు వదినా" అంది టైలరమ్మ. "నాకు బ్యాంకు గుమ్మం ఎక్కాలంటే భయం. నువ్వయితే ఇంటి పిల్లవి. గొడుగో, మొక్కో, మీ ఇంట్లో ఎలా చేశావో నాకూ అలాగే చేసిపెట్టు తల్లీ. ఇదిగో." సంచి ముందుకు చాపింది.

ఓవెన్ గుండెకాయకు సరిపడా డబ్బు ఆ సంచిలో ఉంటుంది. బుధవారానికల్లా షేర్లు అమ్మిన డబ్బు రానే వస్తుంది, తిరిగి సర్దేయొచ్చు. టైలరమ్మకు తెలియను కూడా తెలియదు. ఈ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందంటే, ఆమెకు తన మీద తనకే ఒళ్లు జలదరించింది. మొదటిసారీ ఇంత సులువుగానే వచ్చింది. కొన్నాళ్లేగా, మళ్లీ పెట్టేద్దాంగా అని.

చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నా చేతికివ్వకండి, పిన్నిగారూ."

"అదేంటమ్మా?"

"నేను మంచిదాన్ని కాదు. అంటే, డబ్బు విషయంలో." అత్తగారి ముందు నేల మీద కూర్చుంది. "అత్తయ్యా, గొడుగు లేదు. అంతా తీసి నేనే ఒక కంపెనీలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. మూడో వంతు పోయింది, మిగతాది రెండు మూడు రోజుల దాకా రాదు. మీ కళ్ల డబ్బు కూడా అందులోనే."

టైలరమ్మ చప్పుడు కాకుండా సంచి మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. ఆ చిన్న కదలిక చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

అత్తగారు చీర కుచ్చిళ్లు సర్దుకుంది, విప్పింది, మళ్లీ సర్దుకుంది.

"పెరుగుతున్నప్పుడు సంతోషంగా ఉండేదా?" అని అడిగింది చివరికి.

ఈ ప్రశ్న కోడలు ఊహించలేదు. "ఉండేది అత్తయ్యా. చాలా."

"మాకూ చెప్పి ఉంటే ఆ సంతోషమైనా దక్కేది. పోయింది మాత్రం మా అందరిదీనూ." గొంతులో కోపం లేదు. "వాడికి తెలుసా?"

"ఇప్పుడే చెప్పాను. మీకు చెప్పొద్దన్నారు."

"మరి చెప్పావేం?"

"మెకానిక్ బావమరిది దగ్గర వందకి ఆరు వడ్డీకి తెస్తున్నారు. ఆయన్ని ఆపడం నా వల్ల కాలేదు. మీరైతే ఆపగలరని…"

"వందకి ఆరా?" అత్తగారు కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. "మీ ఇద్దరికీ మతి పోయిందా? ఆ క్యాంటీన్ మేనేజరు ఎవరనుకున్నారు? నిక్కర్లేసుకుని మన దుకాణం ముందు బిస్కెట్ ముక్కలకి తిరిగినవాడే. రెండ్రోజులు వేరే చోట తెచ్చుకుని మళ్లీ మన దగ్గరికే రారా అంటే రాకేం చేస్తాడు? ఫోన్ కలుపు. నా పరువుదేముంది, అడుగుతాను."

కోడలి గుండెల మీంచి బస్తా దింపినట్టయింది. ఇంత చిన్న మాటా! ముందే మెట్లెక్కి ఉంటే ఇంతలోనే తేలిపోయేదా! ఫోన్లో నంబరు వెతుకుతూ ఉండగానే, మెట్ల మీద దడదడా అడుగుల చప్పుడైంది. బన్ను గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ముఖం వెలిగిపోతోంది.

"పనైపోయిందమ్మా! ఓవెన్ బోర్డుకి డబ్బు కట్టేశాం!" టైలరమ్మను, నేల మీద కూర్చున్న భార్యను, నిలబడ్డ తల్లిని వరసగా చూశాడు. వెలుగు సగం ఆరింది. "చెప్పేశావా?"

"చెప్పింది, మంచి పని చేసింది" అంది అత్తగారు. "ఆ డబ్బు తిరిగిచ్చెయ్ రా. ఇప్పుడే."

"ఎలా ఇవ్వనమ్మా? డబ్బు బోర్డు కంపెనీకి వెళ్లిపోయింది. కాగితం కూడా రాసేశాం."

"కాగితమా? దేని మీద రాశారు?"

"ఊరికే, పేరుకి. దుకాణం హామీగా."



"దుకాణం నా పేరు మీద ఉందిరా" అంది అత్తగారు నెమ్మదిగా.

బన్ను కుడి చెయ్యి లాగు జేబులో దూర్చాడు. ఆ ఇంట్లో అమ్మ సంతకం అమ్మ పెట్టి ఎన్నాళ్లయిందో! కళ్లు మసకబారిన దగ్గర్నుంచి మైదా లారీ రసీదు మీదా, కరెంటువాళ్ల కాగితం మీదా తల్లి పేరు కొడుకే గీకేసేవాడు. ఆమె 'నువ్వే పెట్టేయ్ రా' అనేది. అది తప్పని ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. ఇందాక వ్యాన్ బానెట్ మీద కాగితం పరిచి కలం చేతికిచ్చినప్పుడు అతనికీ తోచి ఉండదు.

"ఎవరి సంతకం పెట్టారు?" అని అడిగింది భార్య. 

జవాబు కింది నుంచి వచ్చింది. "సార్! అమ్మగారు ఇంట్లోనే ఉన్నారటగా?" మెకానిక్ కేక. "మా బావమరిది ఒక్కసారి ఆవిడతో మాట కలిపి వెళ్తానంటున్నాడు. సంతకం ఆవిడదేనని నోటితో ఒక మాటంటే చాలట!"

మెట్ల మీద కొత్త చెప్పుల చప్పుడు మొదలైంది. తీరిగ్గా, ఒక్కో మెట్టూ ఎక్కుతూ.

అత్తగారు ఆ మసక చూపుతో కొడుకు వైపు చూడలేదు. నేల మీదున్న కోడలి వైపు వంగింది. కొడుకు పెట్టిన ముద్దుపేరుతో ఆమె కోడల్ని పిలవడం ఇదే మొదటిసారి.

"నేనిప్పుడు ఏం చెప్పను, ప్రొఫెసరమ్మా? నాదేనంటే దుకాణం పోతుంది. కాదంటే వీడు జైలుకి పోతాడు."